సంతాపమా, కోపమా? - మూర్తిమత్వ ప్రశ్నావళి, మన సరిహద్దు తెలుగు

(సిరొంచలో సరిహద్దు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాషోద్యమ సభల్లో మనం ఎక్కువగా బడి గురించే మాట్లాడుకుంటాం. తెలుగు మాధ్యమం, తెలుగు పాఠ్యపుస్తకం, తెలుగు ఉపాధ్యాయుడు - ఇవన్నీ న్యాయమైన కోరికలే. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం చెపుతున్నది. నేటి నా ప్రసంగం మాత్రం బడి గురించి కాదు. మనిషి మనసు చెదిరి వైద్యుని ఎదుట కూర్చున్న వేళ అతణ్ణి ఏ నుడిలో ప్రశ్నిస్తున్నారు, అతని జవాబును ఏ నుడిలో అర్థం చేసుకుంటున్నారు అన్నది నా విషయం. మనస్తత్వశాస్త్రం చదివి, సలహాదారుగా పని చేస్తున్నవాణ్ణి కనుక ఈ సంగతి చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మూడు మాటలతో మొదలుపెడతాను. మరాఠీలో 'సంతాప్' అంటే పట్టరాని కోపం. తెలుగులో సంతాపం అంటే చనిపోయినవారి కోసం పడే దుఃఖం. సంతాప సభ అంటాం. మరాఠీలో 'అభిమాన్' అంటే గర్వం. తెలుగులో అభిమానం అంటే ఇతరుల మీద ప్రీతి, లేదా తన మీద తనకుండే మర్యాద. 'అభిమానం గల మనిషి' అంటే చేయి చాపనివాడని అర్థం. మరాఠీలో 'అపేక్షా' అంటే ఎదుటివారి నుంచి ఆశించేది. తెలుగులో అపేక్ష అంటే మనసులోని కోరిక, ప్రేమ. మూడూ సంస్కృతం నుంచి రెండు భాషలకూ వచ్చిన మాటలే. అక్షరాలు ఒకటే కనుక అర్థమూ ఒకటేనని అనువదించేవాడు అనుకుంటాడు. "మీకు తరచుగా సంతాపం కలుగుతుందా?" అని అడిగితే, పోయిన నెల అత్తను పోగొట్టుకున్న కోడలు "అవునయ్యా, కలుగుతుంది" అంటుంది. కాగితం మీద ఆమె కోపాన్ని అదుపు చేసుకోలేని మనిషిగా నమోదవుతుంది.

ఇది మాటల చమత్కారం కోసం చెప్పలేదు. జ్వరాన్ని కొలవడానికి భాష అక్కర లేదు, ఉష్ణమాపకం చాలు. రక్తపోటుకూ అంతే. మనసును కొలిచే పరికరం మాత్రం పూర్తిగా భాషతోనే తయారవుతుంది. వాక్యమే దాని పాదరసం. వాక్యం తప్పితే కొలత తప్పినట్టే.

అసలు మూర్తిమత్వ ప్రశ్నావళి అంటే ఏమిటో కొంత చెప్పాలి. ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాలు చదివినవారికి 'మూర్తిమత్వం' తెలిసిన మాటే. పత్రికలు 'వ్యక్తిత్వం' అంటాయి. మన మరాఠీ మిత్రులు 'వ్యక్తిమత్త్వ' అంటారు. ఊళ్లో మాత్రం "ఆ మనిషి తీరే అంత", "వాని గుణం అది" అంటాం. ఈ తీరును కాగితం మీద ప్రశ్నలతో పట్టుకోవాలన్న ప్రయత్నం మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో ఊపందుకుంది. ఫిరంగుల మోతకు మనసు చెదిరే సైనికులను ముందే గుర్తించాలని వుడ్‌వర్త్ అనే శాస్త్రవేత్త అవును-కాదు ప్రశ్నల పత్రం ఒకటి తయారు చేశాడు. అది సిద్ధమై వాడుకకు వచ్చేలోగా యుద్ధం ముగిసింది. 1943లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి హాథవే, మెకిన్లీ అనే ఇద్దరు వెలువరించిన ప్రశ్నావళి ప్రపంచమంతా పాకింది. అందులో 'మామూలు మనుషులు' ఎలా జవాబు చెపుతారో తెలుసుకోవడానికి వారు ప్రధానంగా అడిగింది ఎవరినో తెలుసా? ఆ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలోని రోగులను చూడవచ్చిన బంధుమిత్రులను. అంటే మిన్నెసోటా రైతు కుటుంబాల తెల్లవారు చాలాకాలం పాటు లోకానికంతటికీ 'మామూలు మనిషి'కి కొలబద్ద అయ్యారు. వారిని తప్పు పట్టను. తమ ఊరివారి కోసం తమ ఊరివారినే అడిగారు. ఆ కొలబద్దను యథాతథంగా మోసుకుపోయి మరో ఖండంలో నిలబెట్టినవారిదే తొందరపాటు.

ఇటీవలి కాలంలో ఆలోచన మారింది. మనిషిని ఫలానా రకం అని పేరు పెట్టి గదిలో వేయడం కంటే, అతని మూర్తిమత్వం ఎంత మేరకు పని చేస్తున్నదో చూడాలన్నది కొత్త దృష్టి. అమెరికా మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన డి.ఎస్.ఎం-5 గ్రంథం మూడవ భాగంలో దీనికి నాలుగు అంశాలు చెప్పారు. నేనెవరో నాకు నిలకడగా తెలియడం. నా బతుకును ఒక దిశలో నడుపుకోగలగడం. ఎదుటివారి మనసులో ఏముందో గ్రహించగలగడం. దగ్గరివారితో దగ్గరగా ఉండగలగడం. మొదటి రెండూ తనకు సంబంధించినవి, తరువాతి రెండూ ఇతరులకు సంబంధించినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు 2019లో ఆమోదం పొంది 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. అదికూడా మూర్తిమత్వ రుగ్మతను ముందుగా తీవ్రతను బట్టే చూడమంటుంది. ఈ నాలుగు అంశాలను చిన్న పత్రంలో అడగడానికి నెదర్లాండ్స్ పరిశోధకులు 12 వాక్యాల ప్రశ్నావళి తయారు చేసి 2016లో ప్రకటించారు. ఆ తరువాత సవరించారు. అది పలు భాషల్లోకి వెళ్లింది.

పన్నెండే వాక్యాలు కదా, ఒక పూటలో అనువదించవచ్చుననిపిస్తుంది. చిక్కు అక్కడే ఉంది.

'నా లక్ష్యం', 'నా జీవితం', 'నా ఇష్టం' అన్న మాటలతో ఇలాంటి వాక్యాలు నిండి ఉంటాయి. మన నుడిలో 'నా' అన్న మాట అంత విరివిగా వాడం. మా అమ్మ అంటాం, మా ఇల్లు అంటాం, ఒక్కతే కూతురైనా మా నాన్న అంటుంది. భర్తను 'మా ఆయన' అంటారు. ఇది వ్యక్తి లేకపోవడం కాదు. మనిషి తనను తాను నలుగురి నడుమ నిలబెట్టి చూసుకునే తీరు. "నా జీవిత లక్ష్యం నాకు స్పష్టంగా తెలుసు" అన్న వాక్యం అంకీస వైపు పల్లెలో యాభై ఏళ్ల అమ్మకు చదివి వినిపించండి. ఆమె నవ్వుతుంది. "నాదేముంది కొడుకా, పిల్లలు ఒక దారికి వస్తే చాలు" అంటుంది. దీన్ని 'స్వీయ దిశ లోపించింది' అని రాయాలా? ముగ్గురు పిల్లలను చదివించి, భర్త పోయినా ఎకరం పొలం నిలుపుకున్న మనిషికి దిశ లేదని ఏ శాస్త్రం చెప్పగలదు? దిశ ఉంది, ప్రశ్న దానికి ఎదురుపడలేదు. ఆమెను అడగవలసింది బహుశా ఇలా: "ఒక పని చేయాలని మనసులో పెట్టుకుంటే, అడ్డం వచ్చినా పట్టుకొని ఉంటారా, మధ్యలో విడిచిపెడతారా?" ఈ వాక్యం సరైనదని నేను ధ్రువపరచడం లేదు. పది మందిని అడిగి చూడదగిన వాక్యమని మాత్రమే అంటున్నాను.

వ్యాకరణం కూడా అడ్డుపడుతుంది. ఇంగ్లీషువాడు కోపాన్ని తాను చేసే పనిగా, అదుపు తప్పించుకునే పనిగా చెపుతాడు. తెలుగులో కోపం మనకు వస్తుంది, భయం మనకు వేస్తుంది, ఏడుపు మనకు వస్తుంది. అది ఎక్కడి నుంచో వచ్చి మన మీద వాలే అతిథి. "నేను నా కోపాన్ని అదుపులో పెట్టుకోలేను" అన్న పుస్తక వాక్యానికి కాదనే మనిషే "కోపం వస్తే మనిషిని కాను" అన్న వాక్యానికి అవునంటాడు. రెండూ ఒకటే కొలుస్తున్నాయా? పరీక్షించి తెలుసుకోవాలి తప్ప ఊహించకూడదు.

అన్నిటి కంటే పెద్ద చిక్కు అవును-కాదులది. "మీకు ఎవరి మీదా నమ్మకం కుదరదా?" అని అడిగితే, కుదరనివాడు "అవును, కుదరదు" అంటాడు. కుదిరేవాడు "కుదురుతుంది" అంటాడు, లేదా "కాదు" అని ఊరుకుంటాడు. ఇంగ్లీషులో ఆలోచించి ఈ జవాబులను నమోదు చేసేవాడు తారుమారు చేస్తాడు. ప్రశ్నావళులు తయారు చేసేవారికి వ్యతిరేకార్థక వాక్యాలంటే ప్రీతి. గుడ్డిగా అన్నిటికీ అవునని గీత పెట్టేవారిని పట్టుకోవడానికి వాటిని కలుపుతారు. మన నుడిలో అవే ప్రమాదం తెస్తాయి. 'తరచుగా' అన్నది కూడా రాతమాటే. ఊళ్లో 'మాటిమాటికి' అంటారు, 'ఎక్కువసార్లు' అంటారు. 'పూర్తిగా అంగీకరిస్తాను, కొంతవరకు అంగీకరిస్తాను' అన్న నాలుగు మెట్ల జవాబు చదువుకోని పెద్దలకు గాలిలో మెట్లవంటిది. నాలుగణాలు, ఎనిమిదణాలు, పన్నెండణాలు, పదహారణాలు అని అడిగితే మా తాతల తరం వారు క్షణంలో చెప్పేవారు. నేటి పిల్లలకు అణాలు తెలియవు. వారికి ఖాళీ గ్లాసు, సగం గ్లాసు, నిండు గ్లాసు బొమ్మలు వేయాలేమో.

వెళ్లిన అనువాదం తిరిగి రావాలన్నది ఈ రంగంలో పాత నియమం. ఒకరు తెలుగులోకి తెస్తారు. మూలం చూడని మరొకరు దానిని తిరిగి ఇంగ్లీషులోకి తీసుకుపోతారు. రెంటినీ పోల్చి చూస్తారు. బ్రిస్లిన్ అనే పరిశోధకుడు 1970లో దీనిని వివరంగా ప్రతిపాదించాడు. మంచి పద్ధతే. కానీ దీనిలో ఒక మోసం దాగి ఉంది. ఇద్దరు అనువాదకులూ చదువుకున్నవారే, ఒకే నిఘంటువు పట్టుకున్నవారే. ఒకరు 'మూర్తిమత్వం' అని రాస్తే రెండవవారు చక్కగా అదే ఇంగ్లీషు మాట వెనక్కి ఇస్తారు. 'సహానుభూతి' వెళ్లి వస్తుంది, 'సాన్నిహిత్యం' వెళ్లి వస్తుంది. పరీక్షలో నూటికి నూరు. అదే ఒకరు 'రంది' అని రాస్తే, రెండవవారు దిగులు అంటారో చింత అంటారో తెలియదు. పోలిక చెడుతుంది, మాట కొట్టివేయబడుతుంది. ఈ పద్ధతిని ఒంటరిగా వాడితే జనం మాటలు రాలిపోయి పుస్తకం మాటలు మిగులుతాయి. సిరొంచలో ఎవరికీ అర్థం కాని ప్రశ్నావళికి నిర్దోషమైనదన్న ముద్ర పడుతుంది.

అందుచేత అనువాదం తరువాత ఇంకొక మెట్టు తప్పనిసరి. ముప్పై నలభై మందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, వాక్యం చదివి, "ఇందులో ఏమడిగారో మీ మాటల్లో చెప్పండి" అనాలి. "ఈ జవాబు ఎందుకు చెప్పారు?" అని అడగాలి. ఇది జవాబుదారులకు పరీక్ష కాదు, వాక్యానికి పరీక్ష. మన తెలుగువారికి ఇందులో గొప్ప వారసత్వమే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తిపదకోశం చేపట్టినప్పుడు పండితుల నుంచి కాక, పని చేసే చేతుల నుంచి మాటలు సేకరించారు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. నాగలి భాగాల పేర్లు రైతును అడగకుండా రాయలేమని అందరమూ ఒప్పుకుంటాం. మనసు బాధల పేర్లు మాత్రం వైద్యుడే ఎరుగునని ఎందుకనుకోవాలి? రంది, బుగులు, గుబులు, మనసున పడకపోవడం, పానం మంచిగ లేకపోవడం - ఈ మాటల్లో ఏది మనసును చెపుతుంది, ఏది ఒంటిని చెపుతుంది, ఏది రెంటినీ కలిపి చెపుతుంది? 'పానం' అన్న ఒక్క మాటలో ఒళ్లూ ఉంది, ప్రాణమూ ఉంది. ఈ పదకోశం ఇంకా ఎవరో కూర్చవలసి ఉంది.

ఇక లెక్కల సంగతి. దీనిని త్వరగా ముగిస్తాను, కానీ వదలను. విశ్వసనీయత, సప్రమాణత అని రెండు మాటలున్నాయి. అంగడిలో కాటాను తలచుకోండి. అదే బియ్యం సంచిని రెండుసార్లు పెడితే రెండుసార్లూ ఒకే తూకం చూపడం విశ్వసనీయత. ఆ చూపిన తూకం నిజమైన తూకం కావడం సప్రమాణత. తొమ్మిది వందల గ్రాములను కిలో అని ప్రతిసారీ చూపే కాటా విశ్వసనీయమైనదే, సప్రమాణమైనది కాదు. ప్రశ్నావళి పని చేస్తున్నదనడానికి వాక్యాలు పరస్పరం పొందికగా ఉన్నాయని చూపే క్రాన్‌బాక్ ఆల్ఫా అనే లెక్క ఒకటి వేస్తారు, 1951 నాటిది. అది 0.70 దాటితే సరేనంటారు, 0.80 దాటితే సంతోషిస్తారు. కానీ అడిగేవారిని నొప్పించడం ఎందుకని అన్నిటికీ అవునని తల ఊపే మర్యాదస్థులున్న చోట ఈ అంకె దానంతట అదే పెరుగుతుంది. మనది మర్యాదస్థుల ఊరు. కనుక ఒక్క అంకెను చూసి మురిసిపోరాదు.

రెండు వారాల తరువాత మళ్లీ అదే మనుషులను అడిగి చూడడం ఇంకొక పరీక్ష. ఇక్కడ దానికి కాలం ఎంచుకోవాలి. తునికాకు రోజుల్లో అడవిలో ఉన్న మనిషిని, మిరపకాయ ఏరడానికి గోదావరి దాటిపోయిన మనిషిని రెండవసారి పట్టుకోలేరు. దొరికినవారిని మాత్రమే అడిగితే ఇల్లు కదలని వారి మనసులే లెక్కకు వస్తాయి. అడిగేది ఎవరన్నదీ ముఖ్యం. ఊరి ఆరోగ్య కార్యకర్త అయితే నమ్మకముంటుంది, కానీ ఇంటి గుట్టు ఆమెకు చెప్పరు. రేపు బావి దగ్గర ఎదురుపడాలి కదా.

తరువాత అసలు పరీక్ష. అనుభవజ్ఞుడైన వైద్యుడు అదే మనిషితో తెలుగులో దీర్ఘంగా మాట్లాడి చేసిన అంచనాకూ ప్రశ్నావళి ఇచ్చిన అంకెకూ పొత్తు ఉందా? ఇలాంటి ముఖాముఖి సాధనానికీ పెద్ద పరిశ్రమే జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ భాగస్వామ్యంతో 11 దేశాల్లో 14 కేంద్రాల్లో 716 మంది రోగులను పరీక్షించిన ఫలితాలు 1994లో వెలువడ్డాయి. మన దేశం నుంచి బెంగళూరు అందులో ఉంది. అంత పరిశ్రమ ఒక సాధనానికి అవసరమైనప్పుడు, మన వాక్యాలను ఒక రాత్రిలో అనువదించి ముద్రించడం ఏం న్యాయం?

ఇందులోనే సరిహద్దువారికి ప్రత్యేకమైన ప్రశ్న ఒకటుంది. ప్రాణహితకు రెండు ఒడ్డుల మీద నీటిమట్టం కొలిచే రెండు కొలబద్దలు పాతారనుకోండి. ఒకదాని సున్నా మీటరు కిందికి ఉంటే, పారే నీరు ఒకటే అయినా రెండు ఒడ్డుల మీద అంకెలు వేరు. అటు ఒడ్డున వరద హెచ్చరిక, ఇటు ఒడ్డున నిశ్చింత. ప్రశ్నావళులకూ ఇదే వర్తిస్తుంది. మరాఠీలో 20 వచ్చిన మనిషీ తెలుగులో 20 వచ్చిన మనిషీ ఒకే స్థితిలో ఉన్నారా అన్నది రెండు గుంపుల నుంచీ రెండు మూడు వందల మంది చొప్పున జవాబులు తీసుకొని, వాక్యం వాక్యంగా పోల్చి తేల్చవలసిన సంగతి. హైదరాబాదులోనో విశాఖలోనో తయారైన తెలుగు ప్రశ్నావళి అయినా సరే, సిరొంచలో దాని సున్నా ఎక్కడుందో చూడాలి. 1860 దాకా నిజాం ఏలుబడిలో ఉండి, ఆ తరువాత ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమై, 1874లో చాందాలో కలిసి, 1960లో మహారాష్ట్రకు వచ్చి, 1982లో గడ్చిరోలి జిల్లాలో భాగమైన తాలూకా ఇది. ఇన్ని పాలనలు దాటి నిలిచిన తెలుగు, పుస్తకంలోని తెలుగు కాదు.

ఎంత పెద్ద నష్టం జరుగుతున్నదో ఒక్క ఉదాహరణ. గుర్తుపట్టే వివరాలు తీసివేసి చెపుతున్నాను. మన తాలూకా స్త్రీ ఒకామె నిద్ర లేక, తిండి లేక, ఇంట్లోవారితో మాట లేక నెలల తరబడి బాధపడితే దూరపు పట్టణంలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. జిల్లా కేంద్రమే మనకు సుమారు 200 కిలోమీటర్లు. అక్కడ మరాఠీ ప్రశ్నల పత్రం ఇచ్చారు. ఆమెకు చదవడం రాదు. వెంట వచ్చిన పద్నాలుగేళ్ల కొడుకు, మరాఠీ బడిలో చదువుతున్నవాడు, ఒక్కొక్కటీ తెలుగు చేసి అడిగాడు. దగ్గరివారి మీద నమ్మకం గురించిన ప్రశ్న వచ్చింది. "నాన్న మీద నమ్మకముందా అని అడుగుతున్నారమ్మా" అన్నాడు. ఏ తల్లి కొడుకుతో లేదంటుంది? "ఉంది బిడ్డా" అన్నది. సంబంధాలలో ఇబ్బంది లేదని కాగితం మీద పడింది. ఆ తరువాత చాలా రోజులకు, తన నుడిలో, కొడుకు లేని గదిలో ఆమె చెప్పిన మాటలు వేరు. ఆ కాగితం ప్రకారం ఇచ్చిన చికిత్స కూడా వేరే దారిన పోయింది. పిల్లవాడి తప్పు లేదు. రాసుకున్నవారు కూడా ఇచ్చిన జవాబే రాసుకున్నారు. తల్లి మనసుకు కొడుకును దుబాసీగా పెట్టిన ఏర్పాటులో తప్పు ఉంది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 నాలుగవ విభాగం, చికిత్స గురించి నిర్ణయం తీసుకునే మనిషికి సమాచారాన్ని అతనికి అర్థమయ్యే సరళమైన భాషలో ఇవ్వాలంటుంది. ఇచ్చే సమాచారానికే భాష అంత అవసరమైతే, తీసుకునే జవాబుకు అక్కరలేదా? టెలిమానస్ 14416 అనే ఉచిత ఫోను సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది; అందులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఈ నంబరును ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి. అది మంచి మొదలు, కానీ ప్రశ్నావళికి ప్రత్యామ్నాయం కాదు. 2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. మహారాష్ట్ర అందులో లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. అంటే సిరొంచ తెలుగువాడు ఏ లెక్కలోనూ లేడు.

సరిగ్గా అడిగితే ఏమి బయటపడుతుందో చూపిన ఉదాహరణ కూడా గడ్చిరోలి జిల్లాలోనే ఉంది. డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ ఈ జిల్లాలోని రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. నూటికి 92 మందికి స్త్రీ సంబంధమైన వ్యాధులున్నాయి; అంతకు ముందు నూటికి 8 మందికి మాత్రమే ఎప్పుడైనా పరీక్ష జరిగింది. బాధ లేక ఊరుకోలేదు వారు. అడిగినవారు లేక ఊరుకున్నారు. ఒంటి బాధే అంత దాగి ఉంటే, మనసు బాధ ఎంత దాగి ఉంటుందో ఊహించండి.

దీనికి ఎదురుగా మరొక జాగ్రత్త చెప్పక తప్పదు. 2022 జులైలో గోదావరి వరద ఈ తాలూకాను ముంచెత్తింది. చేను మునిగిన రైతు ఆ ఏడాదంతా రందితో ఉంటే, ఎవరినీ నమ్మలేక, రేపటి గురించి ఆలోచించలేక ఉంటే, అది మూర్తిమత్వ లోపం కాదు, కష్టం. మూర్తిమత్వం అంటే ఏళ్ల తరబడి, ఇంటా బయటా, మంచి రోజుల్లోనూ చెడు రోజుల్లోనూ నిలిచి ఉండే తీరు. మంచి ప్రశ్నావళి ఈ రెంటినీ వేరు చేయగలగాలి. చేయలేని ప్రశ్నావళి వరద బాధితుణ్ణి నష్టపరిహారం వైపు కాక మాత్రల వైపు పంపుతుంది. ఉద్యోగం ఇవ్వడానికీ, పెళ్లి సంబంధం కుదర్చడానికీ ఇలాంటి పత్రాలు వాడకూడదని నా గట్టి అభిప్రాయం. వారపత్రికల్లో 'మీ వ్యక్తిత్వం ఎలాంటిదో తెలుసుకోండి' అంటూ వచ్చే పది ప్రశ్నలు కాలక్షేపానికే మంచివి.

ఇప్పుడు కొందరు మిత్రులకు రుచించని మాట ఒకటి. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదివారు, తెలుగు లిపి రాదు. వారికి తెలుగు ప్రశ్నావళిని తెలుగు అక్షరాల్లో మాత్రమే ముద్రించి ఇస్తే మళ్లీ మూసిన తలుపే. తెలుగు వాక్యాన్ని దేవనాగరి అక్షరాల్లో కూడా అచ్చు వేయాలి, మాటను రికార్డు చేసి వినిపించే వీలు ఉండాలి. లిపి మీద ప్రేమ నాకు తక్కువేమీ కాదు. లిపి నేర్పడం బడి పని. బాధపడే మనిషి ముందు లిపి పరీక్ష పెట్టడం మన పని కాదు. అలాగే మాడియా గోండు సోదరులకు వారి నుడిలో ప్రశ్నావళి కావాలని మనమే ముందుగా అడగాలి. మరాఠీ మనకు అడ్డమైన చోట, తెలుగు వారికి అడ్డమవుతున్నది. ఏటపల్లి, భామ్రాగడ్ నుంచి వచ్చేవారి దుఃఖాన్ని అంగడి తెలుగులో అడిగి ఊరుకోవడం చూస్తున్నాం.

ఇది వైద్యులు, గణాంక నిపుణులు, విశ్వవిద్యాలయాలు చేయవలసిన పని. సభ చేసేది కాదు. కానీ మొదటి పని మనదే. ప్రతి కుటుంబమూ ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఇంట్లో అవ్వనూ బాపునూ అడగండి. మనసు బాగాలేనప్పుడు ఏమంటారు? ఎవరి మీదా నమ్మకం కుదరని మనిషిని ఏమంటారు? మాట మీద నిలబడని వాణ్ణి, ఎదుటివాడి బాధ తెలిసినవాణ్ణి ఏమంటారు? విన్న మాట విన్నట్టే రాయండి. దిద్దకండి, పుస్తకం భాషలోకి మార్చకండి. ఏ ఊరు, చెప్పినవారి వయసెంత, ఆడవారా మగవారా అన్నది పక్కన రాయండి. పేరు మాత్రం రాయవద్దు. ఆసరెల్లి నుంచి ఒక మాట, జిమ్మలగట్ట నుంచి ఒక మాట వేరుగా వస్తే రెండూ ఉంచండి. తునికాకు పనులు మొదలయ్యేలోగా ఈ పుస్తకాలు ఒక చోట చేరితే, వాటిని పట్టుకొని మనోవైద్య విభాగాల తలుపు తట్టడానికి నేను వస్తాను.

ప్రశ్నలుంటే అడగండి, ఇక్కడే ఉంటాను.